స్వీయ క్రమశిక్షణ: మనోబలం ఎంత, ముందు ఏర్పాటు ఎంత?

కొత్త సంవత్సరం రాగానే, పరీక్షల తేదీలు బయటికి రాగానే, రిపోర్టులు చూసిన డాక్టరు 'ఇక జాగ్రత్తగా ఉండాలి' అనగానే క్రమశిక్షణ గురించి సలహాలు వెల్లువెత్తుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని ఒకరంటారు. 21 రోజులు ఓపిక పడితే ఏ పనైనా అలవాటైపోతుందని ఇంకొకరు. రోజంతా వాడితే మనోబలం సాయంత్రానికి అయిపోతుందని ఒక వీడియో చెబుతుంది. అసలు మనోబలమనేదే లేదు, అంతా అలవాట్ల మహిమేనని దాని కిందే మరో వీడియో కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, ఒకదానికొకటి పొసగని ఈ మాటలన్నీ 'పరిశోధనల్లో తేలింది' అనే మొదలవుతాయి.

ఈ గందరగోళం ఊరికే పుట్టలేదు. ఆత్మనిగ్రహం గురించి మనస్తత్వ శాస్త్రం ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన ప్రసిద్ధమైన విషయాలు కొన్ని గత పదేళ్లలో గట్టి దెబ్బ తిన్నాయి. పాత మాటలు ప్రచారంలో అలాగే నడుస్తున్నాయి. వాటి స్థానంలోకి వచ్చిన వివరణ ఇంకా జనంలోకి పూర్తిగా రాలేదు.

క్లుప్తంగా

ఎదురుగా ఉన్న ఆశను ఆ క్షణంలో అణచుకోగలగడమే క్రమశిక్షణ అన్న అభిప్రాయానికి ఆధారాలు బలహీనపడుతున్నాయి. క్రమశిక్షణ ఉందనిపించుకున్నవాళ్లు తమతో తాము తక్కువగా పోరాడుతున్నారు. ఆ పోరాటం రాకుండా ముందే సర్దుకుంటున్నారు, చేయాల్సిన పనిని అలవాటులోకి దించుకుంటున్నారు. ముందుగా సర్దుకునే వీలు మాత్రం అందరికీ ఒకేలా ఉండదు. అలవాటు పడటానికి 21 రోజుల లెక్క నిలబడదు. ఒకరోజు తప్పినంత మాత్రాన చేసిందంతా వృథా కాదు.

ఒక తీపి ముక్క చుట్టూ అల్లిన కథ

1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్లల ముందు ఏదో ఒక తీపి పెడతారు. గంట కొట్టి పిలిస్తే దాన్ని వెంటనే తినెయ్యొచ్చు. పెద్దవాళ్లు తమంతట తాము తిరిగొచ్చేదాకా ఆగితే రెండు దక్కుతాయి. అదే మార్ష్‌మల్లో పరీక్షగా పేరుపడింది. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వివరాలు సేకరించి 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు ఎక్కువసేపు ఆగగలిగినవాళ్లకు కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో మంచి స్కోర్లు వచ్చాయని అందులో కనిపించింది. నాలుగేళ్ల వయసులోనే జీవితం తేలిపోతుందన్న కథ అక్కడినుంచి మొదలైంది.

అసలు ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు తక్కువ మంది. అదీ ఒకే విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగిన పిల్లలు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలతో, రకరకాల నేపథ్యాల కుటుంబాలను కలుపుకొని మళ్లీ చూసింది. ఆగగలగడానికీ ఆ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం పాత లెక్కలో సగానికే వచ్చింది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, పిల్లల తొలి గ్రహణశక్తి లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది.

పిల్లలు ఎందుకు ఆగరన్న ప్రశ్నకు అంతకు ముందే, 2013లో, ఇంకో కోణం నుంచి జవాబు వచ్చింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది పిల్లలను రెండు గుంపులు చేసింది. తీపి పరీక్షకు ముందు ఒక గుంపుకి మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని చెప్పి నిజంగానే తెచ్చారు. రెండో గుంపుకి అదే మాట చెప్పి, వట్టి చేతులతో వచ్చి 'అయిపోయాయి, సారీ' అన్నారు. మాట నిలబెట్టుకున్న గుంపులోని పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన గుంపులో మూడు నిమిషాలే. రెండో గుంపు పిల్లలకు నిగ్రహం లేదనడం తొందరపాటు. చెప్పింది జరగని చోట దొరికింది దొరికినట్టు తినెయ్యడం తెలివైన లెక్కే.

మిషెల్ ప్రయోగాల్లోనే మరుగున పడిన సంగతి ఒకటుంది. తీపి ముక్కకు మూత పెట్టి కనబడకుండా చేస్తే పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగారు. కళ్లెదురుగా ఉన్నప్పుడు కూడా ఆగగలిగినవాళ్లు దానివైపే గుడ్లప్పగించి చూస్తూ పళ్లు బిగబట్టలేదు. మొహం తిప్పుకున్నారు, పాటలు పాడుకున్నారు, ఏదో ఆటలో పడ్డారు. మనోబలానికి ప్రతీకగా ప్రచారమైన ప్రయోగంలో పిల్లలను ఆపింది ఎక్కువగా కిటుకులే.

అలాగని నిగ్రహంలో మనిషికీ మనిషికీ తేడా ఉండదని, ఉన్నా దానివల్ల ఒరిగేదేమీ లేదని అనలేం. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మందిని పుట్టినప్పటినుంచీ పరిశీలిస్తున్నారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువగా కనబడిన పిల్లల్లో 32 ఏళ్లు వచ్చేసరికి ఆరోగ్య సమస్యలు, అప్పుల ఇబ్బందులు, నేరాల్లో చిక్కుకోవడం ఎక్కువగా ఉన్నాయని 2011లో టెర్రీ మోఫిట్ బృందం చూపింది. తెలివితేటల స్థాయి, కుటుంబ స్థాయి తీసి చూసినా తేడా మిగిలింది. కాబట్టి ఆత్మనిగ్రహమనేది ఉంది, దాని ప్రభావమూ ఉంది. అది ఎలా పనిచేస్తుందన్న చోటే పాత వివరణ తడబడింది.

మనోబలం నిజంగా అరిగిపోతుందా?

1998లో రాయ్ బౌమైస్టర్ బృందం చేసిన ప్రయోగం ఈ రంగాన్ని దాదాపు రెండు దశాబ్దాలు ఏలింది. ఒక పూట తినకుండా వచ్చినవాళ్లను అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్ల వాసన నిండిన గదిలో కూర్చోబెట్టారు. కొందరిని బిస్కెట్లు తినమన్నారు. కొందరికి బిస్కెట్లు ముట్టుకోవద్దని, పక్కనున్న పచ్చి ముల్లంగి తినమని చెప్పారు. తర్వాత అందరికీ పరిష్కారం లేని పజిల్ ఇచ్చారు. బిస్కెట్లు తిన్నవాళ్లు దానితో 19 నిమిషాల దాకా కుస్తీ పట్టారు. ముల్లంగితో సరిపెట్టుకున్నవాళ్లు ఎనిమిది నిమిషాలకే వదిలేశారు. నోరు కట్టుకోవడంలోనే వాళ్ల శక్తి ఖర్చైపోయిందని, మనోబలం కండరంలా వాడితే అలిసిపోతుందని బౌమైస్టర్ వివరించారు.

విన్నవాళ్లకు ఇది వెంటనే నచ్చింది. సాయంత్రానికి పట్టు సడలడం అందరికీ అనుభవమే కదా. కానీ 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలకు పైగా మందితో, ముందే రాసిపెట్టుకున్న ఒకే పద్ధతిలో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నాగా వచ్చింది. ఎంచుకున్న పద్ధతి సరైంది కాదన్న అభ్యంతరాలు వచ్చాయి. 2021లో 36 ప్రయోగశాలలు, 3,500 మందికి పైగా మనుషులతో మరో ప్రయత్నం జరిగింది. అందులో పాత సిద్ధాంతకర్తల వర్గం కూడా ఉంది. అప్పుడూ చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు.

అలసట అబద్ధమని దీనర్థం కాదు. నిద్ర చాలనివాళ్లు చిరాకు పడతారు, దగ్గరగా ఉన్న సుఖం వైపు మొగ్గుతారు. నిలబడని మాట ఒక్కటే: లోపల ఒక ట్యాంకు ఉందనీ, దాంట్లోంచి రోజంతా కొంచెం కొంచెం ఖర్చవుతుందనీ అన్నది. సాయంత్రం పూట జరిగేదానికి టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన మైకెల్ ఇంజ్‌లిక్ట్ లాంటివారు వేరే వివరణ ఇస్తారు. చాలాసేపు 'చేయాల్సిన పని'లో ఉన్న మనసు 'చేయాలనిపించే పని' వైపు తిరుగుతుంది. శక్తి ఉంటుంది, ప్రాధాన్యం మారుతుంది. రోజంతా ఆఫీసులో నలిగి ఇంటికొచ్చిన మనిషి, ఇష్టమైన ఆట టీవీలో వస్తుంటే అర్ధరాత్రి దాకా కళ్లు ఆర్పకుండా చూడగలగడం ఈ వివరణకే సరిపోతుంది.

పోరాటం తక్కువగా ఉన్నవాళ్లు

అసలు మలుపు జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ పరిసరాల్లో చేసిన అధ్యయనంతో వచ్చింది. విల్‌హెల్మ్ హోఫ్‌మాన్ బృందం 205 మంది పెద్దవాళ్లకు చిన్న పరికరాలిచ్చి, వారం పాటు రోజులో చాలాసార్లు 'ఇప్పుడు ఏదైనా కోరిక కలుగుతోందా, దాన్ని అణచుకుంటున్నారా' అని అడిగింది. 2012లో వచ్చిన ఫలితాల్లో ఒకటి పరిశోధకులు ఎదురుచూడనిది. నిగ్రహం ఎక్కువని కొలతల్లో తేలినవాళ్లు ఎక్కువ కోరికలను అణచుకుంటూ ఉండాలి. కానీ వాళ్లు తక్కువసార్లే అణచుకున్నారు. లక్ష్యానికి అడ్డొచ్చే కోరికలే వాళ్లకు తక్కువగా ఎదురయ్యాయి.

2017లో మరీనా మిల్యావ్‌స్కాయా, ఇంజ్‌లిక్ట్ కలిసి కెనడాలో విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. ఒక వారం విద్యార్థుల రోజువారీ ఆశలను, నిగ్రహాన్ని నమోదు చేసి, సెమిస్టర్ చివర లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో చూశారు. ఎంత గట్టిగా నిగ్రహించుకున్నారన్నదానికీ ఫలితానికీ సంబంధం కనబడలేదు. ఎన్నిసార్లు ఆశ కలిగిందన్నదానికి మాత్రం ఉంది. ఆశలు ఎక్కువగా ఎదురైనవాళ్లు అలిసిపోయారు, వెనకబడ్డారు.

ఒక్క సందర్భాన్ని దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక విద్యార్థి లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాడు. ఏడో లెక్క మూడో స్టెప్పు దగ్గర ఆగిపోయింది. ఆగిన చోట చిన్న చిరాకు పుడుతుంది. చెయ్యి పక్కన బోర్లా పెట్టిన ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ చూడాలని అతను అక్కడ నిర్ణయించుకున్నదేమీ లేదు. స్క్రీన్ వెలిగాకే ఫోన్ చేతిలో ఉందన్న సంగతి తెలుస్తుంది. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టడానికి మనోబలం కావాలి, ఎందుకంటే సగం చదివిన మెసేజ్ ఒకటి కళ్లెదుట ఉంది. ఈ కథను ఒక్కో అడుగూ వెనక్కి జరిపి చూడొచ్చు. లెక్క ఆగినప్పుడు 'ఇది రాకపోతే ముందు లెక్క మళ్లీ చూడాలి' అన్న ఆలోచన సిద్ధంగా ఉంటే చిరాకు అంత దూరం పోదు. ఫోన్ వేరే గదిలో ఉంటే చెయ్యి చాచినా అందదు. చదువు ఇంట్లో కాక లైబ్రరీలో పెట్టుకుని ఉంటే చుట్టూ ఉన్నవాళ్లంతా పుస్తకాల్లో తలదూర్చి ఉంటారు. వెనక్కి వెళ్లేకొద్దీ ప్రతి అడుగులోనూ కావాల్సిన మనోబలం తగ్గుతూ వస్తుంది. అన్నిటికన్నా కష్టమైనది, చేతిలోకి వచ్చేసిన ఫోన్‌ని పక్కన పెట్టాల్సిన చివరి అడుగు. మామూలుగా క్రమశిక్షణ అని పిలిచేది దాన్నే.

ఏంజెలా డక్‌వర్త్ బృందం 2016లో హైస్కూల్, కాలేజీ విద్యార్థులతో దీన్ని నేరుగా పరీక్షించింది. కొందరిని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చుకోమన్నారు, కొందరిని మనసును అదుపు చేసుకోమన్నారు. వారం తర్వాత చూస్తే చదువు లక్ష్యాల విషయంలో మొదటి గుంపే మెరుగ్గా ఉంది. నిగ్రహం ఎక్కువగా ఉన్నవాళ్లు మంచి ఫలితాలు ఎలా సాధిస్తున్నారో వెతికిన మరో వరుస అధ్యయనాల్లో (బ్రయన్ గల్లా, డక్‌వర్త్, 2015) దొరికిన జవాబు కూడా ఇటువైపే చూపింది. వాళ్లకు వేళకు చదవడం, వేళకు పడుకోవడం, వ్యాయామం చేయడం అలవాటుగా మారిపోయాయి. అలవాటైన పని మీద రోజూ మనసుతో బేరం ఉండదు.

రాత్రి పెట్టిన అలారం

రాత్రి పది గంటలకు ఐదింటి అలారం పెట్టడం చాలా తేలిక. దాన్ని పొద్దున ఆపెయ్యడం ఇంకా తేలిక. రెండు పనులూ చేసింది ఒకే మనిషి. ఈ తిరకాసుకి జార్జ్ ఎయిన్స్‌లీ అనే మానసిక వైద్యుడు 1970ల్లోనే ఒక వివరణ ఇచ్చారు. దూరంగా ఉన్న రెండు లాభాలను పోల్చినప్పుడు మనిషి పెద్దదాన్నే ఎంచుకుంటాడు. చిన్న లాభం చేతికందేంత దగ్గరికి వచ్చినప్పుడు దాని విలువ అమాంతం పెరిగి పెద్ద లాభాన్ని మించిపోతుంది. రాత్రి పదింటికి ఆరోగ్యం, అరగంట నిద్ర రెండూ దూరంగానే ఉంటాయి కాబట్టి ఆరోగ్యం గెలుస్తుంది. పొద్దున ఐదింటికి నిద్ర ఇక్కడే ఉంటుంది, ఆరోగ్యం మాత్రం ఉన్న చోటే ఉంటుంది.

ఎయిన్స్‌లీ ఇదే పావురాల్లోనూ చూశారు. వెంటనే దొరికే కొద్ది గింజలకు, కాస్త ఆగితే దొరికే ఎక్కువ గింజలకు మధ్య పావురాలు దాదాపు ఎప్పుడూ మొదటిదాన్నే పొడిచేవి. తర్వాత, ఆ ఆశ ఎదురుకాకముందే దాన్ని రాకుండా చేసే మీట ఒకటి అదనంగా పెట్టారు. కొన్ని పావురాలు ఆ మీట నొక్కడం నేర్చుకున్నాయి. ఎదురుపడితే ఆగలేమన్నట్టుగా ముందే తలుపు మూసుకున్నాయి. పావురానికి మనోబలం, పట్టుదల, సంకల్పం లాంటివి అంటగట్టడం కష్టం. అయినా పని జరిగింది.

మనుషులు చేసుకునే కట్టుబాట్లు కూడా ఈ మీట లాంటివే. జీతం పడిన రోజే పొదుపు ఖాతాలోకి డబ్బు వెళ్లేలా బ్యాంకులో సూచన ఇచ్చిపెట్టడం, తోడు వచ్చే మనిషితో నడకకు టైమ్ మాట్లాడుకోవడం ఇందులోకే వస్తాయి. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్జీ తయారు చేసిన పొదుపు పథకంలో ఉద్యోగులు ఇప్పుడు ఏమీ కట్టక్కర్లేదు. రాబోయే జీతం పెంపుల్లో కొంత భాగం పింఛను పొదుపులోకి వెళ్లడానికి ముందే ఒప్పుకుంటే చాలు. 2004లో ప్రచురించిన లెక్కల ప్రకారం మొదట అమలు చేసిన సంస్థలో ఈ అవకాశం ఇచ్చినవాళ్లలో 78 శాతం మంది చేరారు. వాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. వాళ్ల మనస్తత్వం ఏమీ మారలేదు. నిర్ణయం తీసుకునే సమయమే మారింది.

కట్టుబాటు ఎంత గట్టిదైతే అంత మంచిదనుకోవడం కూడా సరికాదు. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు పొగతాగేవాళ్లకు ఓ ఖాతా ఇచ్చింది. ఆరు నెలల పాటు డబ్బు వేస్తూ పోవాలి. ఆ తర్వాత పరీక్షలో నికోటిన్ కనబడితే డబ్బంతా పోతుంది. 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఈ ఖాతా చూపించినవాళ్లలో 11 శాతం మందే తీసుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే, ఖాతా చూపించిన గుంపులో మానేసినవాళ్లు మిగతావాళ్లకన్నా నూటికి సుమారు ముగ్గురు ఎక్కువ. పొగ మాన్పించే విషయంలో నూటికి ముగ్గురు తక్కువేమీ కాదు. కానీ పదిలో దాదాపు తొమ్మిది మంది ఆ ఉరి తమ మెడకు తగిలించుకోవడానికి ఇష్టపడలేదు. శిక్ష భయం మీద నిలబడే ఏర్పాట్లన్నిటికీ ఈ ఇబ్బంది ఉంటుంది.

21 రోజుల లెక్క ఎక్కడిది?

మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పరిశీలన రాశారు. ముఖానికి శస్త్రచికిత్స అయినవాళ్లు తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని దాని సారాంశం. కాలక్రమంలో 'కనీసం' ఎగిరిపోయింది, శస్త్రచికిత్స ఎగిరిపోయింది, 21 మిగిలింది.

రోజువారీ అలవాట్ల మీద నేరుగా చేసిన అధ్యయనాల్లో ఎక్కువగా ఉదాహరించేది లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందానిది. 2010లో వచ్చింది. 96 మంది తలా ఒక కొత్త పని ఎంచుకుని, దాన్ని రోజూ జరిగే ఏదో ఒక సందర్భానికి ముడివేసి, 12 వారాలు చేశారు. ఆ పని ఎంత అప్రయత్నంగా జరుగుతోందో రోజూ నమోదు చేశారు. అప్రయత్నత గరిష్ఠానికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, ఒకరికి 254. ఇక్కడ రెండు విషయాలు తరచూ జారిపోతాయి. అధ్యయనం నడిచింది 84 రోజులే కాబట్టి 254 అనేది రోజువారీ నమోదుల ఆధారంగా గీసిన గీతను ముందుకు పొడిగించి కట్టిన అంచనా. పైగా ఆ గీత చక్కగా సరిపోయింది 39 మందికే. కాబట్టి 21ని తీసేసి 66ని పట్టుకోవడం ఒక మూఢనమ్మకం స్థానంలో ఇంకోదాన్ని కూర్చోబెట్టడమే.

ఆ అధ్యయనంలో రోజుల సంఖ్య కన్నా గీత ఆకారం ముఖ్యం. మొదటి రోజుల్లో ఒక్కోసారి చేసినప్పుడల్లా ఎదుగుదల ఎక్కువగా ఉంటుంది, పోనుపోను నెమ్మదిస్తుంది, ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. గ్లాసు నీళ్లు తాగడం లాంటి చిన్న పని తొందరగా కుదురుకుంటుంది, వ్యాయామం ఆలస్యంగా. మధ్యలో ఒకరోజు తప్పినా గీత పెద్దగా చెదరలేదు.

అలవాటు పని చేసేది సందర్భం మీదనే అన్నది 2011 నాటి ఒక సరదా ప్రయోగంలో బాగా కనిపిస్తుంది. సినిమా హాల్లో ప్రేక్షకులకు కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం క్రితంది ఇచ్చారు. సినిమాకెళ్తే పాప్‌కార్న్ తినడం అలవాటున్నవాళ్లు మెత్తబడిపోయినదాన్ని కూడా తాజాదాన్ని తిన్నంతే తిన్నారు. రుచి బాగాలేదని వాళ్లకు తెలుసు. అలాంటి అలవాటే ఉన్న వేరేవాళ్లు ఒక మీటింగ్ గదిలో వీడియోలు చూస్తున్నప్పుడు పాతది అంతగా ముట్టలేదు. హాల్లోనే అయినా, అలవాటు లేని చేత్తో తినమంటే అక్కడా తగ్గింది. చీకటి, తెర, చేతిలో డబ్బా.. వీటన్నిటికీ కలిపి చెయ్యి కదులుతోంది తప్ప ఆకలికో రుచికో కాదు. ఇల్లు మారినప్పుడు, కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు పాత అలవాట్లు కొన్ని వాటంతట అవే రాలిపోవడానికి కారణం ఇదే. మంచి అలవాట్లు కూడా అలాగే రాలిపోతాయి, ఆ సంగతి సలహాల్లో అంతగా వినిపించదు.

'చేస్తా'కీ 'ఎప్పుడు చేస్తా'కీ మధ్య

ఆరంభశూరత్వం ఉత్సాహం లేక వచ్చే జబ్బు కాదు. ఉత్సాహం దండిగా ఉండి, ఆ ఉత్సాహానికి గంట, చోటు చెప్పకపోవడం వల్ల వచ్చేది. పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చెబుతున్న విషయం ఇదే. 'ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తా' అని ముందే అనుకుంటే ఆ సందర్భం రాగానే పని గుర్తొస్తుంది. అప్పటికప్పుడు ఆలోచించాల్సిన అవసరం తగ్గుతుంది. 2006లో 94 పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో దీని ప్రభావం మధ్యస్థం నుంచి పెద్ద స్థాయిలో ఉందని తేలింది.

2002లో బ్రిటన్‌లో 248 మందితో చేసిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయడం లక్ష్యం. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం మంది చేశారు. గుండెజబ్బుల గురించి, వ్యాయామం వల్ల లాభాల గురించి సమాచారం ఇచ్చి ప్రోత్సహించిన గుంపులో 35 శాతం. ఆ సమాచారంతో పాటు ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ చేస్తారో రాయించిన గుంపులో 91 శాతం. ప్రోత్సాహం వట్టిగా ఇస్తే ఇవ్వనట్టే అయింది. వ్యాయామం చేసేదాకా తీసుకెళ్లింది ఒక వాక్యం రాయడం. అన్ని పనుల్లోనూ తేడా ఇంత పెద్దగా రాదు. నెలల తరబడి సాగాల్సిన పనుల్లో ఈ పద్ధతి బలం తగ్గుతుంది కూడా. 'ఉదయం వ్యాయామం చేస్తా' అన్నదానికన్నా 'సోమ, బుధ, శుక్రవారాల్లో పళ్లు తోముకోగానే బూట్లు వేసుకుని బయటికి వెళ్తా' అన్నది ఎందుకు పనిచేస్తుందో మాత్రం దీంతో అర్థమవుతుంది. రెండో వాక్యంలో పళ్లు తోముకోవడం ఎలాగూ జరుగుతుంది.

చేయాల్సిన పనికి ఇష్టమైనదాన్ని జతచేయడం ఇంకో పద్ధతి. కేటీ మిల్క్‌మన్ బృందం ఆసక్తికరమైన ఆడియో నవలలను జిమ్‌లో మాత్రమే వినేలా కట్టడి చేస్తే మొదట్లో జిమ్‌కి వెళ్లడం 51 శాతం పెరిగింది. సెలవులొచ్చాయి. సెలవుల తర్వాత ప్రభావం పడిపోయింది. సందర్భం తెగితే అలవాటుకి ఏమవుతుందో పైన చూసిందే.

తప్పిన రోజు

క్రమశిక్షణ ఎక్కువగా దెబ్బతినేది మొదటి తప్పు దగ్గర కాదు, ఆ వెంటనే. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ డైటింగ్‌లో ఉన్నవాళ్లతో మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. ముందు కడుపు నిండినవాళ్లు తర్వాత తక్కువ తినాలి. డైటింగ్‌లో లేనివాళ్లు అలాగే తిన్నారు. డైటింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగినప్పుడే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు. 'ఎలాగూ ఇవాళ్టి లెక్క చెడింది, ఇంకెందుకు ఆగడం, రేపట్నుంచి చూద్దాం' అన్నదే అక్కడ పనిచేసింది. రోజుకి ఒక కచ్చితమైన గీత గీసుకోవడంలోని ప్రమాదం ఇది. గీతకి ఇవతల ఉన్నంతసేపే అది కాపాడుతుంది. దాటిన మరుక్షణం ఎంత దూరం వెళ్లినా తేడా లేనట్టు అనిపిస్తుంది.

తనను తాను తిట్టుకోవడం దీనికి మందు అనుకుంటారు. ఆధారాలు మరోవైపు ఉన్నాయి. పనులు వాయిదా వేయడం చాలావరకు సోమరితనం వల్ల కాదని, ఆ పని తలచుకుంటే వచ్చే టెన్షన్‌ని కాసేపు తప్పించుకోవడానికని ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ లాంటి పరిశోధకులు చెబుతారు. తిట్టుకుంటే ఆ పని చుట్టూ టెన్షన్ ఇంకాస్త పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ తప్పించుకోవాలనిపిస్తుంది. కెనడాలో 2010లో జరిగిన ఒక అధ్యయనంలో మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. పెంపకంలోనూ ఆఫీసుల్లోనూ చలామణిలో ఉన్న పద్ధతికి ఇది బాగా ఎదురు వెళ్లే ఫలితం.

ఏర్పాటు ఎవరి చేతిలో ఉంది?

పరిస్థితిని ముందే సర్దుకోవాలన్న సలహాకు ఒక షరతు ఉంది. సర్దుకోవడానికి పరిస్థితి చేతిలో ఉండాలి. ఫోన్ పెట్టి రావడానికి వేరే గది కావాలి. రోజూ ఒకే వేళకు వ్యాయామం చేయాలంటే రోజూ ఒకే వేళకు డ్యూటీ ముగియాలి. వారానికో షిఫ్టు మారేవాళ్లకు, మంచానున్న పెద్దవాళ్లనో పసిపిల్లలనో చూసుకునేవాళ్లకు అలవాటు ముడివేసుకోవడానికి స్థిరమైన సందర్భమే దొరకదు. వీళ్లు ప్రతిసారీ ఆ చివరి అడుగులో, అన్నిటికన్నా కష్టమైన చోట, నిగ్రహించుకోవాల్సి వస్తుంది. రోజువారీ పోరాటం ఎక్కువగా చేస్తున్నది వాళ్లే అయినా బయటికి క్రమశిక్షణ లేనివాళ్లలా కనిపిస్తారు. మనిషిని ఆ కాసేపట్లోనే కొలిచే పరీక్షలకూ, ఇంటర్వ్యూలకూ ఈ తేడా తెలియదు.

రెండో షరతు ఫోన్ తెచ్చిపెట్టింది. సర్దుకునే పని అవతలివైపు నుంచి కూడా జరుగుతోంది. ఒక వీడియో అయ్యీ అవ్వగానే అడక్కుండానే రెండోది మొదలవుతుంది. పేజీకి అడుగు అనేది ఉండదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమానం కోసం జీవి ఎక్కువసార్లు మీట నొక్కుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల కాలం నుంచీ తెలిసిందే. అమెరికాలో హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్జ్‌కో, లీనా సాంగ్ చేసిన ప్రయోగం 2022లో ప్రచురితమైంది. సోషల్ మీడియా వాడకంలో 31 శాతం నిగ్రహ సమస్య వల్లనేనని అందులో అంచనా వేశారు. తమ వాడకానికి తామే ముందుగా పరిమితి పెట్టుకునే వీలు ఇచ్చినప్పుడు జనం దాన్ని వాడుకున్నారు, స్క్రీన్ ముందు గడిపే సమయం గణనీయంగా తగ్గింది. అంటే మీట ఇస్తే నొక్కడానికి మనుషులు సిద్ధంగానే ఉన్నారు.

ఫోన్లలో ఇప్పుడు వచ్చే స్క్రీన్ టైమ్ పరిమితులు ఆ మీటలకు బయటి రూపమే. కొన్ని ఫోన్లలో పరిమితి దాటగానే తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది, దాని కిందే 'ఈరోజుకి వదిలెయ్' అన్న అర్థంలో ఒక బటన్ ఉంటుంది. ఎయిన్స్‌లీ పావురాలకు రెండో మీట అలాంటిది పెట్టలేదు.